ఎటకారం పండుతోంది గానీ సీను నిలబడట్లేదు: ఇంప్రావ్ బృందం సాధన ఎలా చెయ్యాలి?

ప్రశ్న క్లుప్తంగా ఇది: కోనసీమలో ఏడుగురు కలిసి ఇంప్రావ్ బృందం పెట్టుకున్నారు. రాసిపెట్టుకున్న స్క్రిప్టు ఉండదు, జనం ఇచ్చిన మాట మీద అప్పటికప్పుడు సీను అల్లుతారు. గదిలో చేస్తుంటే పడీపడీ నవ్వుతున్నారు. జనం ముందు మాత్రం మొదటి నిమిషం బాగుండి, ఆ తర్వాత సీను చప్పబడిపోతోంది. సంక్రాంతికి ఊళ్లో గంటసేపు ప్రదర్శన ఒప్పుకున్నారు. సాధన ఎక్కడ మార్చాలని అడిగారు.

సూటిగా చెప్తాను. మీ సీన్లలో హాస్యానికి లోటు లేదు, ఎటకారం పడకూడని చోట పడుతోంది. గోదావరి జిల్లాల వాళ్లకి ఎటకారం ఎవరూ నేర్పక్కర్లేదు. ఎదుటివాడు నోరు తెరిస్తే మాట విరిచి చేతిలో పెట్టడం మనకి చిన్నప్పటి నుంచీ అలవాటు. రచ్చబండ దగ్గర అది అందం. సీనులో ఎదుటివాడు చెప్పిన మాటే మీ ఇద్దరికీ నిలబడ్డానికున్న నేల. దాన్ని విరిస్తే ఇద్దరూ కలిసి పడతారు. పాత్ర ఎంత ఎటకారమైనా చెయ్యొచ్చు. నటుడు మాత్రం ఒప్పుకోవాలి. మీ సాధనంతా ఈ ఒక్క తేడా చుట్టూ తిరగాలి.

ఒక ఉదాహరణ చూడండి. జనం "పంటు" (లారీల్ని కూడా ఎక్కించుకుని గోదారి దాటించే పడవ) అన్నారనుకుందాం. మొదటివాడు పంటు ఎక్కబోయే లారీ స్టీరింగు పట్టుకున్నట్టు నిలబడి, "బావా, పంటు కదిలిపోతోంది, బ్రేకు వదిలెయ్" అన్నాడు. రెండోవాడు, "పంటేంట్రా, ఇది మా అత్తోరి పెరడు, కళ్లజోడు పెట్టుకో" అన్నాడు. జనం గట్టిగానే నవ్వుతారు. కానీ ఇప్పుడు పంటు లేదు, లారీ లేదు, గోదారి లేదు. మొదటివాడు మళ్లీ సున్నా దగ్గర మొదలెట్టాలి. ఈసారి అతను కూడా విరుస్తాడు. అలా నాలుగు విరుపులయ్యేసరికి ఎవరు ఎక్కడున్నారో జనానికి తెలీదు, నవ్వడానికి పట్టు దొరకదు. మీరు చెప్పిన "మొదటి నిమిషం తర్వాత చప్పబడటం" ఇదే.

అదే చోట రెండోవాడు ఇలా అంటే: "ఆయ్, వదిలేస్తన్నా బావా. బ్రేకు కింద మావయ్యగారి చెప్పు ఇరుక్కుంది. ఆయన్నడిగి తియ్యమంటావా, అడక్కుండా తియ్యమంటావా?" ఎటకారం ఎక్కడికీ పోలేదు. పంటుంది, లారీ ఉంది, పైగా ఒక్క చెప్పుతో నిలబడ్డ మావయ్య కొత్తగా వచ్చాడు. మొదటివాడికి చెయ్యడానికి పని దొరికింది: "అడక్కుండా తీసిన పాపానికే గదరా, పోయినేడు మనం నరసాపురం రేవుదాకా ఈదుకుంటా వచ్చాం." మూడో నటుడు ఒంటికాలి మీద కుంటుకుంటూ వచ్చి మావయ్యగా నిలబడితే చాలు, నాలుగు నిమిషాల సీను దానంతటదే నడుస్తుంది.

ఎదుటివాడి మాటని ఇలా విరవడాన్నే మాట కొయ్యడం అంటాను. అది "కాదు" అనడం ఒక్కటే అనుకోకండి. "ఎవరు నువ్వు? ఏంటిది? ఎందుకొచ్చావ్?" అని ప్రశ్న మీద ప్రశ్న వెయ్యడం కూడా కొయ్యడమే, కథ అల్లే బరువంతా అవతలివాడి నెత్తిన పడుతుంది. భాగస్వామిని వదిలేసి జనం వైపు తిరిగి జోకు వెయ్యడం ఇంకో రకం. అన్నింటికన్నా కనపడకుండా దెబ్బతీసేది, విన్నట్టు తలూపి తను ముందే అనుకున్న పంచ్ వేసెయ్యడం. టీవీ స్కిట్లు ఎక్కువ చూసేవాళ్లలో ఈ చివరిది బాగా కనిపిస్తుంది. అక్కడ రాసుకుని, రిహార్సల్ చేసుకుని వేసే పంచ్ అది. ఇక్కడ దాన్ని దాచుకుని కూర్చుంటే చెవులు మూసుకుపోతాయి.

ఈ పద్ధతి బయటి నుంచి వచ్చిందే. షికాగోలో వయోలా స్పోలిన్ నటన నేర్పడానికి కూర్చిన ఆటలు ఒక పునాది. ఆమె కొడుకు పాల్ సిల్స్ మరికొందరితో కలిసి 1959లో అక్కడే సెకండ్ సిటీ పెట్టాడు. కెనడాలోని కాల్గరీలో కీత్ జాన్‌స్టన్ 1977లో ఇంప్రావ్‌ని జట్ల పోటీగా మార్చాడు. వాళ్లు "ఎస్, అండ్" అని నేర్పుతారు: ఎదుటివాడి మాట ఒప్పుకో, దానికి ఒకటి కలుపు. మన దగ్గర దానికి వేరే మాట వెతుక్కోనక్కర్లేదు, అవునండి అనడానికి గోదావరి యాసలో వాడే "ఆయ్" ఉంది. తోలుబొమ్మలాటలో కేతిగాడు, బుర్రకథలో హాస్యం చెప్పే వంత కూడా చేసేది ఇదే. కథకుడు యుద్ధం అంటే వంత యుద్ధం లేదనడు. "యుద్ధానికి పోతూ వీరుడు ఏం తిని పోయాడో చెప్పు" అంటాడు. కథ అక్కడే ఉంటుంది, నవ్వు దాని పక్కన మొలుస్తుంది.

ఇక సాధన. వారానికి ఒకసారి రెండు గంటలు చాలు, కానీ ఆ రెండు గంటలూ అందరూ ఉండాలి. ఏడుగురిలో నలుగురే వస్తే ఆ రోజు కొత్త ఆట మొదలెట్టకండి, పాతవే చెయ్యండి.

మొదటి పావుగంట ఒళ్లూ చెవులూ కదలడానికి. గుండ్రంగా నిలబడి, వరస లేకుండా, ఎవరికి తోస్తే వాళ్లు ఒకటి నుంచి ఇరవై దాకా లెక్కపెట్టండి. ఇద్దరు ఒకేసారి పలికితే మళ్లీ ఒకటి. సైగలు చేసుకోకూడదు. కొత్త బృందం మొదటి రోజుల్లో ఏడూ ఎనిమిది దాటదు. ఎప్పుడు నోరు మూసుకోవాలో నేర్పే ఆట ఇది. స్టేజీ మీద ఇద్దరు ఒకేసారి మాట్లాడే జబ్బు దీంతోనే తగ్గుతుంది.

తర్వాత "ఆయ్" కసరత్తు, ఇరవై నిమిషాలు. ఇద్దరిద్దరుగా నిలబడాలి. ప్రతి మాటా "ఆయ్"తో మొదలవ్వాలి. ఎదుటివాడి మాటలోంచి ఒక వస్తువు పేరో మనిషి పేరో మళ్లీ పలకాలి. ఆపైన ఒక్కటంటే ఒక్క కొత్త సంగతి కలపాలి. అటూ ఇటూ పదేసి మాటలు, ఆపి మనుషుల్ని మార్చండి. పేరు మళ్లీ ఎందుకు పలకాలంటే, విన్నాడనడానికి అదే రుజువు. ఇక్కడ రెండు తప్పులు తప్పకుండా దొర్లుతాయి. ఒకటి, "ఆయ్, కానీ..." అనడం. "కానీ" వచ్చిందంటే ముందు చెప్పిన "ఆయ్" ఎగిరిపోయినట్టే. రెండోది మన ప్రాంతానికే ప్రత్యేకం. మన "ఆయ్" సాగదీస్తే "సర్లే, చెప్పొచ్చావ్" అనే అర్థం వస్తుంది. కసరత్తులో సాగదీయడం నిషేధం. పొట్టిగా, నిజంగా ఒప్పుకుంటున్నట్టు పలకాలి. సాగదీసే ఆయ్ నెలా రెండు నెలల తర్వాత పాత్రకి ఇచ్చుకోవచ్చు.

దాని వెనకే నిషేధం ఆట. అవధానంలో నిషేధాక్షరి చూసే ఉంటారు. పద్యం చెప్పేవాడు ఏ అక్షరం వేయబోతున్నాడో ఊహించి పృచ్ఛకుడు దాన్ని నిషేధిస్తాడు, అవధాని మరో అక్షరంతో దారి వెతుక్కుంటాడు. మనం నాలుగు మాటలు నిషేధిద్దాం: కాదు, లేదు, ఎందుకు, ఏంటి. రెండు నిమిషాల సీను. నోరు జారినవాడు పక్కకెళ్తాడు, బయటున్నవాడు అదే పాత్రగా వచ్చి అక్కణ్ణుంచే అందుకుంటాడు. మొదట్లో పది సెకన్లకొకరు అవుటవుతారు, కంగారుపడకండి. ఆ మాటలు దొరక్కపోయేసరికి నటుడు వేరే దారిలేక ఏదో ఒకటి ఒప్పుకుంటాడు, మనక్కావలసింది అదే.

పిలుపుల నిచ్చెన అన్నింట్లోకీ నాకు ఇష్టమైనది, తెలుగులో చేస్తేనే దీని రుచి. పాత్రల మధ్య ఎవరు పైనో ఎవరు కిందో చూపించడానికి ఇంగ్లీషు నటులు నడక, చూపు, కుర్చీలో కూర్చునే తీరు వాడుకుంటారు. మనకు అవన్నీ ఉన్నాయి, పైగా పిలుపు ఉంది. "ఒరేయ్, అబ్బాయ్, ఏవయ్యా, ఏవండీ, అయ్యగారూ": ఇవి ఐదు మెట్లు. ఒకణ్ణి పైమెట్టు మీద, ఇంకొకణ్ణి కిందిమెట్టు మీద పెట్టండి. రొయ్యల చెరువు యజమాని, కాపలా కుర్రాడు అనుకుందాం. యజమాని "ఒరేయ్" అంటాడు, కుర్రాడు "అయ్యగారూ" అంటాడు. సీను అయ్యేసరికి తారుమారవ్వాలి. నియమం ఏంటంటే, ఒకసారికి ఒక్క మెట్టే మారాలి, ప్రతి మార్పుకీ సీనులో కారణం ఉండాలి. చెరువులో రాత్రి నీళ్లకి గాలి అందించే ఏరియేటరు ఆగిపోయింది, మళ్లీ తిప్పడం కుర్రాడికొక్కడికే తెలుసు: ఒక మెట్టు. రొయ్య తేలిపోతోంది: ఇంకో మెట్టు. యజమాని నోట మొదటిసారి "ఏవయ్యా" వచ్చినప్పుడు జనంలో చిన్న నవ్వు పుడుతుంది. "ఏవండీ" అన్నప్పుడు అది పెద్దదవుతుంది. ఒక్కసారిగా ఒరేయ్ నుంచి అయ్యగారూ అని గెంతితే ఒక్క నవ్వుతో అయిపోతుంది, మెట్టుమెట్టుకీ రావలసిన నవ్వులు పోతాయి.

బంధుత్వం పిలుపు విషయంలోనూ ఇదే లాభం. మొదటి మాటలో "బావా" అనో "వదినగారూ" అనో "పెదనాన్నా" అనో పిలిచారంటే సీనుకి సగం ఇల్లు కట్టేసినట్టే. వరస, చనువు, వేళాకోళం ఎంతదాకా వెళ్లొచ్చు, అన్నీ ఆ ఒక్క మాటలో తేలిపోతాయి. మొదటి మూడు మాటల్లో వరస, చోటు, చేస్తున్న పని తేలకపోతే ఆపి మళ్లీ మొదలెట్టించండి. సాధనలో ఈ విషయంలో కఠినంగానే ఉండాలి.

అక్షరాల ఆట ప్రదర్శనకి బాగా పనికొస్తుంది. ఒక్కో మాట అచ్చుల వరసలో మొదలవ్వాలి. ఋ వదిలేస్తే అ నుంచి అం దాకా పదమూడు. "అబ్బాయ్, పంటు ఎన్నింటికి?" "ఆఖరిది ఎళ్లిపోయిందండి." "ఇప్పుడు మా ఆవిడకేం చెప్పను?" "ఈత నేర్చుకుంటన్నానని చెప్పండి." ఐ దగ్గర, ఔ దగ్గర అందరూ తడబడతారు. "ఐతే", "ఔను", "ఔరా" తప్ప పెద్దగా దొరకవు. ఆ తడబాటే జనానికి సరదా, తప్పించకండి. ఊళ్లో బడికెళ్లే పిల్లల దగ్గర్నుంచి తాతల దాకా అక్షరమాల అందరికీ తెలుసు కాబట్టి తర్వాత ఏమొస్తుందో జనం ముందే ఎదురుచూస్తుంటారు.

చేతిలో లేని వస్తువుని ఉన్నట్టు చూపించడం మీద వారానికి పది నిమిషాలు పెట్టండి. కొబ్బరి బోండాం కొట్టడం తీసుకోండి. ఎడమ చేతిలో కాయ బరువు, వేళ్లు కత్తికి అందకుండా కిందికి జరగడం, మూడు వేట్లు, పైన చెక్క ఎగిరిపోవడం, స్ట్రా పెట్టి ఇవ్వడం. ఇదంతా చక్కగా చేసి, తర్వాత మాట్లాడుతూ రెండు చేతులూ ఊపేశారంటే కాయ గాల్లో కలిసిపోయినట్టే. జనం పైకి అనరు గానీ నమ్మకం పోతుంది. ఎక్కడైనా పెట్టండి, లేదా పట్టుకునే మాట్లాడండి. ఇంకొకరు వేసిన బల్ల మధ్యలోంచి నడిచెళ్లిపోవడం కూడా మాట కొయ్యడం లాంటిదే.

చివరి అరగంట ఫోన్‌లో రికార్డు చేసుకోండి. ఒక మూడు నిమిషాల సీను తీసుకుని ప్రతి మాటా కాగితం మీద రాసి, పక్కన "ఒప్పింది" అనో "కోసింది" అనో గుర్తు పెట్టండి. వాదన అక్కర్లేదు, కాగితమే చెప్తుంది. ఇరవై మాటల్లో రెండు మూడు కోతలుంటే పర్వాలేదు. ఆరేడు ఉన్నాయంటే మళ్లీ "ఆయ్" దగ్గరికి వెళ్లండి. గదిలో నవ్వులు ఎక్కువ రావడానికి కారణం కూడా ఈ కాగితంలో దొరుకుతుంది. గదిలో నవ్వేది మీ వాళ్లే, వాళ్లు నవ్వేది మీ మధ్య పాత సంగతులకి. ఆ సంగతులు జనానికి తెలీవు.

ఇప్పుడు ప్రదర్శన. గంటసేపు వద్దు, నిర్వాహకులతో మాట్లాడి నలభై నిమిషాలకి ఒప్పించండి. నాలుగైదు నిమిషాల ఆటలు ఆరు, మధ్యలో జనంతో మాటలు కలిపితే అంతే అవుతుంది. నటించేది ఐదుగురు, జనంతో మాట్లాడేది ఒకరు, లైటు దగ్గర ఒకరు. లైటు మనిషిని తక్కువగా చూడకండి. సీను ముగించేది అతనే. పెద్ద నవ్వు లేచి, తగ్గకముందే లైటు ఆర్పెయ్యాలి. "ఇంకా బాగుంటుందేమో" అని పది సెకన్లు ఆగితే ఆ సీను నీరసంగా ముగుస్తుంది. స్టేజీకి వేరే స్విచ్ లేకపోతే గంటో ఈలో వాడండి.

జనాన్ని అడిగే ప్రశ్న మీద చాలా ఆధారపడి ఉంటుంది. "ఏదో ఒక మాట చెప్పండి" అంటే హీరో పేరో, పార్టీ పేరో, బూతో వస్తుంది. ఈ మూడిట్లో ఏది తీసుకున్నా ఆ సాయంత్రం మీ చేతిలో ఉండదు. ఇరుకైన ప్రశ్న వెయ్యండి: "మీ ఇంట్లో పెళ్లప్పుడు ఆఖరి నిమిషంలో కనపడకుండా పోయిన వస్తువేంటి?" "లాకుల దగ్గర సాయంత్రం ఎవరు కూర్చుంటారు?" మొదట స్పష్టంగా వినపడిన జవాబు తీసుకుని మైకులో గట్టిగా మళ్లీ పలకండి. వెనకవాళ్లకి వినపడకపోతే అంతా ముందే అనుకుని వచ్చారనుకుంటారు.

అవధానంలో అడిగినవాళ్లు ఇచ్చిన మాటలు పెట్టి పద్యం చెప్పే దత్తపది లాంటి ఆట కూడా పెట్టుకోవచ్చు. ఆట మొదలవ్వకముందే జనం చేత పదీ పన్నెండు చీటీల మీద ఒక్కో వాక్యం రాయించి, నటులు జేబులో పెట్టుకుని సీను మధ్యలో తీసి చదవడం. చదివిన వాక్యాన్ని ఆ పాత్ర నిజంగానే అన్నట్టు ఎదుటివాడు తీసుకోవాలి. చీటీలు ముందు ఒకరు చూసి బూతులు తీసెయ్యండి, అలా తీసేస్తామని జనానికీ చెప్పండి.

మధ్యలో కేకలేసేవాళ్లు ఉంటారు. అవధానంలో సంబంధం లేని మాటలతో మధ్యలో అడ్డుపడే అప్రస్తుత ప్రసంగికి ఇచ్చే మర్యాదే వాళ్లకీ ఇవ్వండి: ఒక్క మాట జవాబు, వెంటనే కథలోకి. రెండో మాటకి దిగితే మాత్రం ప్రదర్శన వాళ్లదైపోతుంది.

జాగ్రత్తలు కొన్ని గట్టిగా చెప్పాలి. పాత్రలకి ఇంటిపేరు పెట్టకండి. డెల్టాలో ఇంటిపేరు చెబితే కులం చెప్పినట్టే. అప్పటికప్పుడు నోటికొచ్చిన పేరు వల్ల ఎవరికి తగులుతుందో మీకు తెలీదు. వీధి పేరు, పేట పేరు కూడా అంతే. 2022 జనవరిలో రాష్ట్ర ప్రభుత్వం చింతామణి నాటక ప్రదర్శనల్ని నిషేధించింది. అందులో సుబ్బిశెట్టి పాత్ర తమను కించపరుస్తోందని ఆర్యవైశ్యులు అభ్యంతరం చెప్పడం దానికి కారణం. ఏళ్ల తరబడి ఆడిన నాటకానికే అలా జరిగినప్పుడు, స్క్రిప్టు లేని మనం ఇంకా ఒళ్లు దగ్గర పెట్టుకోవాలి. కేసుల భయం ఒక్కటే కాదు. ముందు వరసలో కూర్చున్న మనిషి చిన్నబోయి ఇంటికెళ్తే ఆ నవ్వు ఎందుకు? నత్తి, రంగు, లావు, మగవాడు చీర కట్టడం, వీటి మీద వచ్చే నవ్వుకీ ఇదే మాట.

బృందంలో అమ్మాయిలుంటే ఎప్పుడూ భార్య పాత్రో అత్త పాత్రో వాళ్లకే పడుతుంటుంది. ఎవరూ కావాలని చెయ్యకపోయినా అలా జరుగుతుంది. సాధనలో పాత్రలు చీటీ తీసి పంచండి: సర్పంచి, లారీ డ్రైవరు, పంతులుగారు ఎవరికైనా రావచ్చు. ఒకరి ఒంటి మీద ఒకరు చెయ్యి వెయ్యడం ఎక్కడిదాకా పర్వాలేదో ప్రదర్శనకి ముందు ఒక్కొక్కరిని అడిగి తెలుసుకోండి. ఎత్తడం, తొయ్యడం, చెంపదెబ్బలు అసలొద్దు.

చోటు మీ చేతిలో ఉంటే సంక్రాంతి స్టేజీకి ముందు ఒక చిన్న ప్రదర్శన పెట్టుకోండి. ట్యూషన్ హాలో, కల్యాణ మండపంలో భోజనాల గదో చాలు. నలభై కుర్చీలు అర్ధచంద్రాకారంలో వెయ్యాలి, ముందు వరస మీకు ఐదడుగుల దూరంలో ఉండాలి. ఫ్యాన్లు తిరుగుతుంటే ఆ చప్పుడు మీద గొంతు వినపడాలి కాబట్టి సాధన కూడా ఫ్యాన్లు వేసుకునే చెయ్యండి. సంక్రాంతి స్టేజీ మీద పరిస్థితి వేరు. జనరేటరు మోత, పిల్లల పరుగులు, చుట్టుపక్కల ఇంకో రెండు మైకులు ఉంటాయి. అక్కడ మెల్లగా అల్లే సీన్లు నిలబడవు. అక్షరాల ఆట, పిలుపుల నిచ్చెన, చీటీలు, ఇలా నియమం జనానికి వెంటనే అర్థమయ్యేవే పెట్టుకోండి.

మైకుల దగ్గర చాలామంది దెబ్బతింటారు. ఐదుగురికి చేతి మైకులిస్తే చేతులు కట్టేసినట్టే, బోండాం కొట్టేదెలా? స్టాండు మైకులు మూడు స్టేజీ అంచున నాలుగడుగుల ఎడంతో పెట్టించి, మాట్లాడేవాళ్లు వాటికి రెండడుగుల లోపు ఉండేలా సాధన చెయ్యండి. నేల మీద సున్నంతో గీత గీసుకోండి. స్పీకరు బాక్సులు మైకులకి ముందు, జనం వైపు ఉండాలి, వెనకుంటే కూతేస్తుంది. జనం నవ్వుతుంటే ఆ నవ్వు దిగడం మొదలయ్యేదాకా తర్వాతి మాట ఆపుకోండి. మైకు కుర్రాడికి కూడా ముందే చెప్పండి, నవ్వులో మాట వినపడట్లేదని వాల్యూం పెంచొద్దని. నవ్వు ఆగేసరికి ఆ పెంచిన వాల్యూం మీద తర్వాతి మాట జనం చెవుల్లో పగులుతుంది.